బావ క్యారేజీ కడిగి తెచ్చిన రోజులు

మొన్న భోజనాల దగ్గర మా మనవరాలు అన్నంలో పప్పు కలుపుకుంటూ, ఆ రోజు తమ కాలేజీకి ఒక డాక్టరుగారు వచ్చి ఆత్మహత్యల గురించి మాట్లాడారని, ఇంట్లో ఎవరైనా అలాంటి ఆలోచనలో ఉంటే ఎలా పసిగట్టాలో, ఎలా అడగాలో, ఎక్కడికి తీసుకువెళ్ళాలో అన్నీ విడమరిచి చెప్పారని, ఇప్పుడు పైసా ఖర్చు లేకుండా ఫోను చేసి మనసులో మాట చెప్పుకునే సదుపాయం కూడా ఉందని గడగడా చెప్పుకొచ్చింది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. మన ఇంట్లో ఎప్పుడైనా ఎవరికైనా అలా అయిందా నానమ్మా అని నా మొహంలోకి చూసి అడిగేసింది. మా అబ్బాయి పెరుగు గిన్నెలోకి చూశాడు. కోడలు మంచినీళ్ళు తెస్తానని వంటింట్లోకి వెళ్ళింది, నీళ్ళ జగ్గు బల్ల మీద నిండుగా ఉండగానే. ఈ పిల్ల నిజంగా తెలియక అడుగుతోందా, లేక ఎవరి నోటనో విని నన్ను పరీక్ష చేస్తోందా అని నాకు అప్పటికప్పుడు అనుమానం పట్టుకుంది. ముందు తిను, తీరిగ్గా చెబుతాను అన్నాను. ఒక్క ముక్కలో చెప్పే సంగతి కాదు గనుక ముందు నా ఈడువాళ్ళైన మీకు చెప్పుకుంటే తర్వాత దానికి చెప్పడం సులువవుతుందని ఇదిగో ఇలా కూర్చున్నాను.

అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది, ఈ వయసులో దాచుకోవడం దేనికి. పాలవాడు నవ్వుతూ వస్తే ఆ వేళ నీళ్ళు ఎక్కువ కలిపాడనుకుంటాను. చేపలమ్మి తనంతట తనే మొప్పలు ఎత్తి చూపిస్తే ఆ బుట్ట ముట్టను. పెళ్ళిచూపుల్లో మా ఆయన ఏ వంకా పెట్టకుండా సరేనన్నాడని, ఈయనకి ఏదో లోపం ఉండే ఉంటుందని తాళి కట్టేదాకా దిగులుపడ్డాను. మా వీధిలో అందరూ నన్ను వెనకాల సీఐడీ అనేవాళ్ళు, మొహం మీద అనే ధైర్యం మాత్రం మా బావ ఒక్కడికే ఉండేది. మీకూ గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో వీధికొక సీఐడీ ఉండేది, ఎవరింటికి ఎవరొచ్చారో, ఎవరు ఎవరితో మాట మానేశారో ఆవిడ కన్నుగప్పి జరిగేది కాదు. మా వీధికి ఆ ఉద్యోగం నాది, జీతం లేకుండా చేశాను.

అప్పట్లో మేం గాజువాకలో ఉండేవాళ్ళం. ఒకటే ఇల్లు, రెండు వాటాలు, ముందు వాటా మాది, వెనక వాటా మా అప్పది. అక్కని మా వైపు అప్ప అంటాం. మేమిద్దరం శ్రీకాకుళం వైపు పల్లెలో, వరీ పెసలూ పండించుకునే ఇంట పుట్టి, ఇద్దరు ఉద్యోగస్తుల చెయ్యి పట్టుకుని ఈ ఊరు వచ్చి పడ్డాం. మా ఆయన స్టీలు ప్లాంటులో, బావ పోర్టులో. బావ క్రేను నడిపేవాడు, పైన కూర్చుని కింద ఉన్నవాళ్ళకి కేకలేసి కేకలేసి ఆ గొంతు ఇంటికొచ్చాక కూడా తగ్గేది కాదు, గోడ అవతల ఆయన తుమ్మితే మా వాటాలో పిల్లలు ఉలిక్కిపడి లేచేవాళ్ళు. మనిషి మంచి కలుపుగోలు. సాయంత్రమైతే అరుగు మీద కేరమ్స్ బోర్డు వేసేవాడు, వీధిలో మగపిల్లలంతా చుట్టూ మూగేవాళ్ళు, ఓడిపోయినవాడిని వారం రోజులు ఏడిపించేవాడు. మరదలినైనందుకు నాకు రోజూ ఏదో ఒకటి తగిలించకపోతే ఆయనకి ముద్ద దిగేది కాదు, తిరిగి నేను అనకపోతే నాకూ దిగేది కాదు.

ఆయన క్యారేజీ గురించి చెప్పాలి. బావకి కానాగంతల చేపల పులుసంటే ప్రాణం. అప్ప క్యారేజీలో పులుసు పెట్టిన రోజున ముళ్ళూ తలకాయలూ పైగిన్నెలో భద్రంగా దాచి తెచ్చి, వెనక గోడ మీద కాచుకుని ఉండే బూడిదరంగు పిల్లికి పెట్టేవాడు. క్యారేజీ మాత్రం కడిగేవాడు కాదు. షిఫ్టు దిగి వచ్చి గుమ్మంలో పెట్టేస్తే, అప్ప మూత తీసి, ఆ కంపుకి ముక్కు మూసుకుని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టేది, బావ ఆ తిట్లు వింటూ కాళ్ళు కడుక్కునేవాడు. అదొక రోజువారీ భాగోతం, వీధంతా వినేది.

అలాంటి మనిషి ఒక ఎండాకాలం క్యారేజీ కడిగి తేవడం మొదలుపెట్టాడు.

ఈ కాలం వాళ్ళకి ఇందులో ఏముందో అర్థం కాదు. డ్యూటీకి వెళ్ళిన మగవాడు క్యారేజీ కడుక్కురావడమనేది మా వీధిలో కనీవినీ ఎరగనిది. షిఫ్టుల మొగుళ్ళతో కాపురం చేసే ఆడవాళ్ళందరికీ తెలిసిన సంగతి ఒకటే, గిన్నె కడిగి వచ్చిందంటే అది కడిగిన చెయ్యి గాజుల చెయ్యి. అప్ప ఒక పొద్దున ఆ క్యారేజీని పైట చాటున పెట్టుకుని మా వాటాకి వచ్చి తలుపు గడియ పెట్టింది. గిన్నెలు తళతళలాడుతున్నాయి. అడుగున ఇసకతో తోమిన గీతలు సన్నగా కనిపిస్తున్నాయి. "ఓలి, మగోడికి ఇసకతో తోమడం తెలుస్తాదేటే? ఎవుతో తోమతంది," అంది, అంటూనే కళ్ళనీళ్ళు పెట్టేసుకుంది. నేను గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను, పులుసు వాసన రవ్వంత కూడా లేదు. అంత శుభ్రంగా తోమే ఆడది ఎవరో గానీ పనిమంతురాలే అనుకున్నాను.

ఆ తర్వాత నేను ఊరుకుంటానా? ఒక్కొక్కటీ ఏరుకుంటూ పోయాను. బావ తన పెళ్ళినాటి వాచీని మా ఆయనకి ఇచ్చేశాడు, నాకు దాంతో పనిలేదులే తమ్ముడూ అని. మా ఆయన అది పెట్టుకుని మణికట్టు అందరికీ కనిపించేలా చొక్కా చేతులు మడుచుకుని తిరుగుతున్నాడు, ఊరికే ఎవరైనా వాచీ ఇస్తారా అన్న ఆలోచన ఆయనకి రాలేదు. కేరమ్స్ బోర్డు వీధి చివర కుర్రాళ్ళకి ఇచ్చేశాడు. అప్పని ఎన్నడూ గడప దాటించనివాడు, బ్యాంకుకి తీసుకువెళ్ళి సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాడు, గ్యాసు కంపెనీలో మనుషులకి పరిచయం చేశాడు, ఇంటి కాగితాలు ఏ పెట్టెలో ఉన్నాయో చెప్పాడు. ఇదంతా దేనికంటే నన్ను వదిలేసి పోడానికేనే అని అప్ప గుండె బాదుకుంది. నాకూ అలాగే అనిపించింది. పోతున్నాడన్నది నిజమేగానీ, ఎక్కడికన్నది మా ఇద్దరి ఊహకీ అందలేదు.

ఇంట్లో ఎవరి అనుమానం వారిది. మా ఆయన, మందు అలవాటయిందన్నాడు. బావ తల్లి పల్లె నుంచి వచ్చి, కొడుకు మొహం చూడగానే ఎవరో చిల్లంగి, అదే చేతబడి, పెట్టారని తేల్చేసి, పక్క పొలం దాయాదుల్ని ఇక్కడినుంచే తిట్టడం మొదలుపెట్టింది. మనిషి మాత్రం రోజురోజుకీ కుంచించుకుపోతున్నాడు. ఆ గొంతు ఏమైందో తెలియదు. నేను కావాలని ఎదురుపడి, పోర్టులో దొరసానులు దిగుతున్నారట కదా బావా అని గిల్లితే, నవ్వనూ లేదు, సీఐడీ అననూ లేదు, పక్కకి తప్పుకుని వెళ్ళిపోయాడు. ఆ తప్పుకోవడం చూశాక నాకు ఇక ఆగలేదు, ఆ ఆడదెవరో నా కళ్ళతో చూసి రావలసిందేనని నిశ్చయించుకున్నాను.

అది మధ్యాహ్నం షిఫ్టు వారం. బావ వేళకంటే చాలా ముందు బయల్దేరుతున్నాడని అప్ప చెప్పింది. నేను సందు చివర ముందే నిలబడి, కొంగు తల మీదుగా లాక్కుని, ఆయన ఎక్కిన సిటీ బస్సే ముందు తలుపు నుంచి ఎక్కాను. ఆడవాళ్ళ సీట్లు ముందుండడం ఆ వేళ నాకు కలిసొచ్చింది, డ్రైవరు నెత్తి మీద అద్దంలో వెనక నిలబడ్డ బావ కనిపిస్తూనే ఉన్నాడు. పోర్టు దాకా టిక్కెట్టు తీసుకున్నవాడు మల్కాపురంలోనే దిగిపోయాడు. దొరికావులే అనుకుని నేనూ దిగాను.

మూసేసిన ఒక కొట్టు పక్కన వీధి కుళాయి ఉంది. నేను ఆగి ఉన్న లారీ చాటున నిలబడ్డాను. ఆయన రాగానే రెండు కుక్కలు తోక ఊపుకుంటూ లేచి వచ్చాయి, అంటే రోజూ జరిగేదే. బావ గొంతుక్కూర్చుని క్యారేజీ విప్పి, అన్నమూ పులుసూ ఒక కాగితం మీద వాటికి పెట్టేశాడు. ఒక్క ముద్ద తన నోట్లో పెట్టుకోలేదు. అవి తింటూ ఉంటే, కుళాయి కింద గిన్నెలు పెట్టి, దోసెడు ఇసక తీసుకుని తోమడం మొదలుపెట్టాడు. తోమాడు, కడిగాడు, ఎండలో ఎత్తి చూసుకున్నాడు, మళ్ళీ అదే గిన్నె తోమాడు. భుజంతో కళ్ళు తుడుచుకుంటున్నాడని నాకు కాసేపటికిగానీ అర్థం కాలేదు. నేను అటూ ఇటూ చూస్తున్నాను, ఏ సందులోంచైనా ఏ ఆడదైనా రాకపోతుందా అని. ఎవరూ రాలేదు. ఎవరైనా వస్తే బాగుండును దేవుడా అని ఆ క్షణంలో మనసారా కోరుకున్నాను.

లారీ చాటునుంచి వచ్చి, "ఎవులికోసం బావా అంతలా తోమతన్నావు?" అని అడిగాను. ఉలిక్కిపడతాడనుకున్నాను, పడలేదు. ఎప్పటినుంచో నేను అక్కడే ఉన్నట్టు చూశాడు. "ఎవులికోసమూ నేదు. గొంతు దిగతం నేదు. తిన్లేదని తెలిస్తే మీ అప్ప బాదపడతాది," అన్నాడు. గిన్నెలోకి చూస్తూ, "నాను నేకపోతే అదీ పిల్లలూ సుకంగా ఉంటారు. అన్నీ సెప్పీసేను దానికి," అన్నాడు.

అన్నీ చెప్పేయడం, వాచీ, బోర్డు, బ్యాంకు, అన్నీ ఒక్కసారిగా నాకు ఒక వరసలోకి వచ్చాయి. ఇంకొకరైతే ఛ ఛ అవేం మాటలు అని నోరు మూయించేవారేమో. నాకు అనుమానం వస్తే అడక్కుండా ఉండలేని జబ్బు కదా, నోటికి వచ్చేసింది. "సచ్చిపోదామనుకుంటన్నావేటి బావా?"

బావ కుళాయి గట్టు మీద కూలబడ్డాడు. "ఆఁ," అన్నాడు. అంత పెద్ద గొంతు మనిషి, నాకు వినపడీ వినపడనట్టు అన్నాడు. తర్వాత అన్న మాట మాత్రం నేను బతికి ఉన్నంతకాలం మర్చిపోను. "ఎవులైనా అడుగుతారేటో అని సూత్తన్నాను మరదలా. ఇన్నాళ్ళకి నువ్వడిగేవు."

నేను పక్కన కూర్చున్నాను. పాపమనీ పిల్లల మొహం చూడమనీ చెప్పడానికి నోరు పెగల్లేదు, అదే మంచిదైందని తర్వాత తెలిసింది. ఆయనే చెప్పాడు. కారణమేమీ లేదట. అదే ఆయనకి అన్నిటికన్నా భయంగా ఉందట. కష్టమొచ్చినవాడు ఏడవడంలో అర్థం ఉంది, నాకేం తక్కువని ఇలా అయిపోయాను అంటాడు. నిద్ర లేదట, తెల్లారితే గుండెల మీద బస్తా పెట్టినట్టు ఉంటోందట, పిల్లలు నవ్వుతుంటే ఎక్కడో దూరాన ఎవరో నవ్వుతున్నట్టు ఉంటోందట. వినడం తప్ప నాకేమీ చేతకాలేదు. బస్సులు వచ్చాయి, వెళ్ళాయి. ఆ వేళ డ్యూటీకి పంపేది లేదని చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించి ఇంటికి తెచ్చేశాను, దారంతా ఆ చెయ్యి వదల్లేదు.

అప్ప గుమ్మంలోనే నిలబడి ఉంది, కొంగు నడుముకి దోపుకుని, యుద్ధానికి సిద్ధంగా. పక్కకి తీసుకెళ్ళి చెప్పాను. ఆడది నేదా అంది ముందు, ఆ మొహంలో ఒక్క క్షణం వెలుగు కూడా వచ్చింది పిచ్చిదానికి. తర్వాత మిగిలిన మాట తలకెక్కింది. గోడకి జారబడి కూర్చుండిపోయి, "ఆడదైతే జుట్టు పట్టుకుని ఈడ్సీదాన్ని. దీన్నెక్కడ పట్టుకోనే?" అంది. నేను దాన్ని కావలించుకుని ఏడ్చాను, ఇద్దరం నోట్లో గుడ్డలు కుక్కుకుని ఏడ్చాం, పక్కవాళ్ళకి వినపడకూడదని.

ఎక్కడ పట్టుకోవాలో వెతుక్కోవడంలో కొన్నాళ్ళు నలిగాం. బావ తల్లి చిల్లంగి తీసే మనిషికి కబురంపిస్తానంది. మా ఆయన, పల్లెకి తీసుకెళ్ళి నాలుగు రోజులు పొలంగట్టు మీద తిప్పితే అదే సర్దుకుంటుందన్నాడు. ఆ పొలంగట్టు మీద ఒంటరిగా తిరుగుతాడు గనక నాకది బొత్తిగా నచ్చలేదు. చివరికి మా పిల్లల జ్వరాలకి మందిచ్చే డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఆయన తేలిగ్గా తీసుకోలేదు, కంగారూ పడలేదు. చక్కెర జబ్బు ఎలాగో ఇదీ ఒక జబ్బేనమ్మా, దీనికీ డాక్టర్లున్నారు, మందులున్నాయి, ఆలస్యం చెయ్యొద్దు అని మనసు జబ్బులు చూసే ఆసుపత్రికి వెళ్ళమన్నారు.

ఆ ఆసుపత్రిని ఊరంతా ఏమనేవారో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ గేటు దగ్గర ఎవరైనా చూస్తే ఇక మా పిల్లల ముందే అనేస్తారు. అందుకని అప్పా నేనూ ఒక ఉపాయం చేశాం, సింహాచలం వెళుతున్నామని వీధిలో చాటాం. తలంటుకుని, పూలు పెట్టుకుని, కొబ్బరికాయ సంచీలో వేసుకుని, బావని మధ్యలో పెట్టుకుని, గాజువాకలో కాక అవతలి స్టాపులో బస్సెక్కి వెళ్ళాం.

డాక్టరమ్మ మరీ చిన్నపిల్ల. ఈ పిల్లకేం తెలుసని నా అనుమానం. బావని ఒక్కడినే లోపలికి పిలిచి తలుపు వేసింది, నేను చెవి ఆనిస్తే అటెండరు కసిరాడు. చాలాసేపటికి మమ్మల్ని పిలిచింది. నేను ఒక్కొక్కటీ అడిగాను. ఈ మాత్రలు నిద్రమత్తువా, అలవాటైపోతాయా, ఆఫీసుకి తెలుస్తుందా, నేను ఆ మాట నోటితో అడగబట్టే ఆయన మనసులో అది గట్టిపడిందా అని. ఆవిడ నా వైపు తిరిగి, అడిగితే ఆలోచన పుట్టదమ్మా, లోపల ఉన్నది బయటపడుతుంది, మీరడిగారు కనకే ఈయన ఇవాళ ఇక్కడ కూర్చున్నారు అంది. మందు పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుందని, అందాకా ఒంటరిగా వదలొద్దని, మాత్రలు మా దగ్గరే పెట్టుకుని పూటపూటకీ ఇమ్మని, ప్రాణానికి హాని చేసేవేవీ చేతికి అందకుండా చూడమని, ఎక్కువైందనిపిస్తే వేళ చూసుకోకుండా తీసుకువచ్చెయ్యమని చెప్పింది. అప్ప అన్నిటికీ తల ఊపింది. నేను ప్రతి మాటా రెండోసారి చెప్పించుకున్నాను.

ఇంటికొచ్చాక నా కాపలా మొదలైంది. మాత్ర మింగాక నోరు తెరిపించి నాలుక కింద చూసేదాన్ని. స్నానానికి వెళితే తలుపు దగ్గర నిలబడి ఏదో వంకన పిలిచేదాన్ని. వీధి మొగలోకి వెళితే మా అబ్బాయిని వెనకాల తరిమేదాన్ని. బావ కొన్నాళ్ళు ఓర్చుకుని, ఒకరోజు కంచం తోసేసి, "నాను దొంగనేటి, నువ్వు పోలీసువేటి?" అని అరిచాడు. ఆ అరుపు విని అప్ప భయపడింది, నాకు మాత్రం పాత గొంతు కొంచెం వినిపించి సంతోషమేసింది. మళ్ళీ వెళ్ళినప్పుడు బావ నా మీద డాక్టరమ్మకి ఫిర్యాదు చేశాడు. ఆవిడ నవ్వి, కనిపెట్టుకుని ఉండండి గానీ దొంగచాటుగా వద్దు, మీకు భయమేస్తే భయమేస్తోందని ఆయనతోనే చెప్పి పక్కన కూర్చోండి అంది. దాగి చూడడమే తెలిసిన నాకు అది కొత్త విద్య. అప్పటినుంచి రోజూ సాయంత్రం వెనక వాటా మెట్టు మీద కూర్చుని, అన్నం తిన్నావా అని అడిగినట్టే, బావా ఈయేల ఆ ఆలోసన వచ్చిందేటి అని అడిగేసేదాన్ని. నేదు అనేవాడు, కొంచెం అనేవాడు, ఒక్కోరోజు ఉన్నాది అనేవాడు. ఉన్నాది అన్న రోజున మా ఆయన సెలవు పెట్టి పక్కనే ఉండేవాడు, కుర్రాళ్ళ దగ్గర బోర్డు అడిగి తెచ్చి ఇద్దరూ మాటల్లేకుండా ఆడేవాళ్ళు. వాచీ కూడా తిరిగి ఇచ్చేశాడు, ఇష్టం లేకపోయినా.

అయితే సింహాచలం వెళ్ళినవాళ్ళు ఉత్త చేతులతో వస్తే వీధి ఊరుకోదు కదా. పక్కింటి పిన్ని చెయ్యి చాపి ప్రసాదం అడిగేది. మొదటిసారి ఏదో చెప్పి తప్పించుకున్నాం, తర్వాతి నుంచి తిరిగొచ్చేటప్పుడు మిఠాయి కొట్లో లడ్డూలు కొని, కాస్త కుంకుమ రాసి పంచడం మొదలుపెట్టాం. కొండమీది అప్పన్న స్వామి మమ్మల్ని క్షమించాలి. పిన్ని కళ్ళకద్దుకుని తినేది. ఒకనాడు తినలేదు. లడ్డూ చేతిలో అలాగే పట్టుకుని, మా వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరికి వేసింది. "ఇది కొండమీదది కాదమ్మీ, నాకు ఎప్పుడో తెలుసు," అంది. ఇక వీధంతా పాకిపోతుంది, అయిపోయింది అనుకున్నాను. పిన్ని గొంతు తగ్గించి, వాళ్ళ తమ్ముడు పరవాడలో ఉంటాడని, అతను కూడా అన్నం మానేసి ఇలాగే ఉన్నాడని, మీ బావకి కాస్త నయంగా కనబడుతోంది, ఆ ఆసుపత్రికి ఎలా వెళ్ళాలి, లోపల ఎవరిని అడగాలి చెప్పవా అని నా చేతులు పట్టుకుంది. అన్నీ తెలిసినదానినని తిరిగే నాకు, పక్క గోడ అవతల పిన్ని పడుతున్న దిగులు తెలియలేదు, మా దిగులు ఆవిడకి తెలియనిచ్చేలా మేమూ లేము. తర్వాతి సారి సింహాచలానికి పిన్నీ, వాళ్ళ తమ్ముడూ కూడా మాతో వచ్చారు. ఐదుగురం ఒక్కో సీట్లో విడివిడిగా, ఒకరికొకరం తెలియనట్టు కూర్చున్నాం.

బావ ఒక్కరోజులో బాగుపడలేదు. వానాకాలంలో ఒకసారి మళ్ళీ జారిపోయాడు, డాక్టరమ్మ మందు మార్చి కొన్నాళ్ళు అక్కడే ఉంచుకుంది, అప్పా నేనూ వంతులేసుకుని ఉన్నాం. ఇక ఇంతేనేమో అని నాకు లోపల అనుమానంగానే ఉండేది. చలి మొదలయ్యాక ఒక రోజు షిఫ్టు నుంచి వచ్చి క్యారేజీ గుమ్మంలో పెట్టి, కాళ్ళు కడుక్కోడానికి వెళ్ళాడు. అప్ప మూత తీసింది, ముళ్ళూ తలకాయలూ, పాత కంపు. పాపం అది తిడదామని నోరు తెరిచి, తిట్టలేక, అక్కడే గడప మీద కూర్చుని ఎక్కెక్కి ఏడ్చింది. లోపల్నుంచి బావ, ఏటే ఈయేల తిట్లు నేవు అని కేకేశాడు.

తర్వాత ఎన్నో ఏళ్ళు మామూలుగా గడిచిపోయాయి. మా ఆయన పోయారు. పిల్లలు పెద్దవాళ్ళై, వాటాలు పోయి అపార్టుమెంట్లు వచ్చి, అప్పా బావా వాళ్ళబ్బాయి ఫ్లాటుకి, నేను మా అబ్బాయి ఫ్లాటుకి చేరాం. బావ చేత మాత్రలు డాక్టర్లే ఎప్పుడో మానిపించేశారు. పోయిన ఏడాది అప్ప పోయింది. గుండె జబ్బు, ఎక్కువ బాధపడలేదు. దినం నాడు ఇల్లంతా చుట్టాలు, కుర్చీలు, ప్లాస్టిక్ గ్లాసులు, మా మనవరాలు అప్పట్లో హాస్టల్లో ఉండేది, పరీక్షలని రాలేదు. అందరూ బావని చూసి, ఈ వయసులో ఎంత నిబ్బరంగా ఉన్నాడో అని మెచ్చుకుంటున్నారు. నాకు ఆ నిబ్బరం మీదే అనుమానంగా ఉంది, కానీ ఇంతమందిలో ఎలా అడగడమని చూస్తున్నాను. ఆయనే కుర్చీలోంచి లేచి, జనాన్ని తప్పించుకుంటూ నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "ఏటి సీఐడీ, నన్నడగవేటి?" అన్నాడు, అందరికీ వినపడేలా.

అడిగాను. ఉన్నాది అన్నాడు. ఎవరూ ఛ ఛ అనలేదు, ఎవరూ నోరు మూయించలేదు. వాళ్ళబ్బాయి వచ్చి తండ్రి భుజం మీద చెయ్యి వేసి, రేపు వెళదాం నాన్నా అని, అక్కడే ఫోనులో డాక్టరు దగ్గర టైము తీసుకున్నాడు. మా అబ్బాయీ కోడలూ ఆ రాత్రికి అక్కడే ఉండిపోయారు. ఇప్పుడు బావ మళ్ళీ మాత్రలు వేసుకుంటున్నాడు, కాస్త తింటున్నాడు, నేను రోజూ ఫోను చేసి అడుగుతున్నాను, చాలా రోజులు నేదు అనే అంటున్నాడు.

దినం మర్నాడు వాళ్ళబ్బాయి కారులో వెళ్ళాం. లిఫ్టు దగ్గర ఎదురింటాయన ఎక్కడికండీ అంటే, బావ దాపరికం లేకుండా ఆసుపత్రి పేరు చెప్పాడు, ఆయన మంచిదండీ, జాగ్రత్తగా వెళ్ళి రండి అన్నాడు, అంతే. అప్పట్లో ముగ్గురం దొంగల్లా వెళ్ళేవాళ్ళం, కొబ్బరికాయ సంచీ ఒళ్ళో పెట్టుకుని, ఎవరు బస్సెక్కుతున్నా అప్ప పైట మొహానికి అడ్డం పెట్టుకుని నా చెయ్యి గిల్లేది. ఇప్పుడు దొరల్లా వెళ్ళాం, దాక్కోవలసిన పనీ లేదు, అబద్ధమాడవలసిన పనీ లేదు. ఇది మంచికే, ఆ రోజులు మళ్ళీ రావాలని నేను కోరుకోను, ఎవరికీ రాకూడదు. బావ వెనక సీట్లో ఆ కిటికీ పక్కకి జరిగి కూర్చున్నాడు, నేను ఈ కిటికీ పక్కకి జరిగి కూర్చున్నాను. మధ్యలో అప్ప చోటు అలాగే ఉంచేశాం.